చక్రానికి ఊపిరి పోసిన డన్లప్

హైదరాబాదు మహానగరానికి ఉత్తరపు వాకిళ్ళు రెండు. ఒకటి మేడ్చల్, రెండవది శామీర్‌పేట. నాగపూరు వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి మేడ్చల్ మీదుగా పోతుంది. కరీంనగరం, రామగుండం దిశగా సాగే రాజీవ్ రహదారి శామీర్‌పేట మీదుగా పోతుంది. 158 కిలోమీటర్ల పొడవున నగరాన్ని చుట్టిన బాహ్యవలయ రహదారి ఈ రెండు బాటలనూ కలుపుతున్నది. తెల్లవారుజామున ఇక్కడ నిలిచి చూచేవారికి కూరగాయల బుట్టలు, కోడిగ్రుడ్ల అట్టలు, పాలక్యానులు, ఇటుకలు, ఇనుప చువ్వలు మోసుకొని పరుగెత్తే చిన్న సరకుబండ్లు, అనగా పికప్ బండ్లు, బారులు తీరి కనిపిస్తాయి.

ఆ బండిని కొత్తగా కొన్నవానికైనా, పాత టైర్లు అరిగి మార్చదలచినవానికైనా ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే. ఏ కొలత టైరు వేయాలి? దానికి ఏ రిమ్ము తగినది? వెడల్పైన టైరు బండికి ఠీవి తెస్తుంది. పెద్ద చక్రం గోతులను లెక్కచేయదు. మరి రెండు బస్తాలు ఎక్కువ వేసుకోవచ్చునన్న ఆశ కూడా దాని వెన్నంటి ఉంటుంది. అయితే టైరు ప్రక్కగోడ మీద 215/75 ఆర్ 15 అని అచ్చొత్తి ఉన్న అంకెలను చదివి, వాటి అర్థం తెలిసికొని, తన బండితో సరిచూచుకొని ఎన్నుకొనేవారు కొద్దిమందే.

ఆ అంకెల వెనుక ఒక మనిషి జీవితం ఉన్నది. ఆయన ఇంజనీరు కాడు. యంత్రశాలలో పెరిగినవాడు కాడు. పశువులకు వైద్యం చేసి బ్రతికినవాడు. ఇనుము మోయలేని కుదుపును గాలి మోయగలదని లోకానికి చూపిన ఆ పశువైద్యుడే జాన్ బాయ్డ్ డన్లప్.

1840 ఫిబ్రవరి 5వ తేదీన, స్కాట్లండు దేశంలో ఎయిర్‌షైరు సీమలోని డ్రెగ్‌హార్న్ గ్రామంలో, ఒక వ్యవసాయ కుటుంబంలో డన్లప్ జన్మించాడు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అని ఇంటివారు ఆయనను పువ్వువలె చూచుకొన్నారు. తాను దుర్బలుడననే భావం చిన్ననాడే ఆయన మనస్సులో నాటుకొని జీవితాంతం వీడలేదు. ఆరోగ్యం విషయంలో ఆయన ఎల్లప్పుడూ జాగ్రత్తగానే మెలగాడు. విధి విలాసమేమో గాని, అంత సుకుమారుడనుకొన్న ఆ శిశువు ఎనుబదియొక్క సంవత్సరాలు జీవించాడు. మెత్తనిది బలహీనమైనదని తలచరాదనే సత్యాన్ని ఆయన జీవితమూ, ఆయన నిర్మించిన వస్తువూ ఒకే విధంగా చాటాయి.

పొలంపనికి తగిన దేహదార్ఢ్యం లేదని తోచిన ఆ బాలుడు చదువు వైపు మరలాడు. ఎడింబరో నగరంలో పశువైద్యం అభ్యసించి పందొమ్మిదేళ్ళ ప్రాయంలోనే పట్టం పొందాడు. స్వదేశంలో కొన్ని సంవత్సరాలు వృత్తి సాగించి, 1867లో సముద్రం దాటి ఐర్లండు చేరాడు. మొదట డౌన్‌పాట్రిక్ పట్టణంలో సోదరుని సహకారంతో వైద్యశాల నడిపి, అనంతరం బెల్ఫాస్టు నగరంలో స్థిరపడ్డాడు. 1871లో మార్గరెట్ స్టీవెన్‌సన్‌ను వివాహం చేసుకొన్నాడు. వారికి ఒక కుమార్తె, ఒక కుమారుడు. ఇరవై ఏళ్ళు గడిచేసరికి ఆయన వైద్యశాల ఐర్లండులోని పెద్ద పశువైద్యశాలలలో ఒకటిగా పేరు పొందింది.

ఆ కాలంలో పశువైద్యుడు గుర్రపుబండి ఎక్కి ఊరూరూ తిరగవలసినవాడు. బండి కుదుపు ఎటువంటిదో ఆయన నడుముకు బాగుగా తెలుసు. రాళ్ళు పరచిన వీథులలో బరువు లాగే గుర్రాల కష్టమూ ఆయన కళ్ళ యెదుటిదే. చక్రాన్ని గురించి ఆయన ఆలోచన పుస్తకాలలోనుంచి కాక ఈ అనుభవంలోనుంచే పుట్టిందనడం సమంజసం.

డన్లప్ నాటికి చక్రం పరిస్థితి ఏమిటో ఒక్కసారి పరికించాలి. మన పాత ఎడ్లబండిని తలచుకొంటే అది సులువుగా బోధపడుతుంది. ఆ చక్రం కొయ్య ఆకులతో, చుట్టూ ఇనుప కట్టుతో, మనిషి రొమ్మెత్తుకు దరిదాపుగా ఉండేది. వడ్రంగి దానిని అంత పెద్దదిగా చేయడం అందం కోసం కాదు. చక్రం పెద్దదైనకొద్దీ చిన్న గోతిని, చిన్న రాతిని సులువుగా దాటుతుంది. చిన్న చక్రం అదే గోతిలో దిగబడుతుంది. ఇరుసు ఎత్తు పెరిగితే ఎద్దుల మీద భారం కూడా తగ్గుతుంది. కాని కట్టు ఇనుపది గనుక త్రోవలోని ప్రతి గులకరాయీ బండివాని ఎముకలను పలకరించేది. బుట్టలోని పండ్లు సంతకు చేరేలోపలే నలిగిపోయేవి.

పాశ్చాత్య దేశాలలో సైకిలు కథ కూడా ఇటువంటిదే. తొలినాటి ఎత్తు సైకిళ్ళలో తొక్కుడు మెట్లు ముందు చక్రానికే అమర్చి ఉండేవి. ఒక్కసారి త్రొక్కితే చక్రం ఒక్కసారి తిరిగేది. చక్రం ఎంత పెద్దదైతే అంత దూరం పోవచ్చును. అందుచేత ముందు చక్రం మనిషి ఎత్తుకు పెరిగిపోయింది. పడితే తల పగిలేది. 1885లో స్టార్లీ అనే ఇంగ్లీషు తయారీదారు వెనుక చక్రానికి గొలుసు అమర్చి, రెండు చక్రాలనూ సమానంగా, చిన్నవిగా చేసి, భద్రమైన సైకిలును రూపొందించాడు. ప్రమాదం తగ్గింది గాని, చక్రం చిన్నదైనందున కుదుపు పెరిగింది. గట్టి రబ్బరు పట్టీ చక్రాన్ని చప్పుడు చేయకుండా కాపాడిందే తప్ప కుదుపును మ్రింగలేకపోయింది. ఒక దోషాన్ని సవరిస్తే మరొక దోషం తలయెత్తడం చక్రాల చరిత్రలో మొదటినుంచీ ఉన్నదే.

సరిగా ఆ దశలో, 1887లో, డన్లప్ ఇంటిలో ఒక చిన్న సమస్య వచ్చింది. ఆయన కుమారుడు జానీ పదేళ్ళ వయసు దరిదాపులలో ఉన్న బాలుడు. అతనికి గట్టి రబ్బరు చక్రాల మూడు చక్రాల బండి ఒకటి ఉన్నది. బెల్ఫాస్టు వీథులలో పరచిన రాళ్ళమీద, ట్రాము పట్టాలమీద ఆ బండిని త్రొక్కడం అతనికి కష్టంగా ఉండేది. బండి సుఖంగా, వేగంగా పోయే ఉపాయం ఏదైనా ఉన్నదా అన్నదే తండ్రి ముందున్న ప్రశ్న. గొప్ప పరిశోధన అనుకొని ఆయన ప్రారంభించలేదు. బిడ్డ కష్టం తీర్చడం ఒక్కటే ఆయన ఉద్దేశం.

ఆయన పలుచని రబ్బరు రేకుతో ఒక గొట్టం తయారుచేశాడు. గుండ్రని చెక్కపలక అంచు చుట్టూ దానిని అమర్చాడు. ఇంటిలోని పాత గుడ్డను దానిపై బిగించి, కాలిబంతికి గాలి కొట్టే పంపుతో గాలి నింపాడు. ఆ తరువాత ఆయన చేసిన పని విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసినది. దానిని వెంటనే బండికి బిగించలేదు. కుమారుని బండి చక్రం ఒకటి ఊడదీసి, ఆ చక్రాన్నీ, తన చెక్కపలకనూ పెరటిలో నేలమీద దొర్లించి చూచాడు. గట్టి రబ్బరు చక్రం కొంతదూరం పోయి ఒరిగి పడిపోయింది. గాలి నింపిన పలక పెరడంతా దాటి ఆవలి ద్వారబంధానికి తగిలి ఎగిరి వెనుకకు వచ్చింది. రెండు వస్తువులను ప్రక్కప్రక్కన పెట్టి పరీక్షించి నిజం తేల్చుకొనడమే శాస్త్రానికి ప్రాణం. ఏ ప్రయోగశాలా లేని ఆ పశువైద్యుడు తన పెరటినే ప్రయోగశాల చేసుకొన్నాడు.

పిదప ఆయన మూడు చక్రాల బండి వెనుక చక్రాలు రెండింటికీ గాలి టైర్లు అమర్చాడు. బాలుడు త్రొక్కి చూచి సంతోషించాడు. తండ్రి అక్కడితో ఆగలేదు. అంతకంటె పెద్ద టైర్లు చేసి సైకిలుకు అమర్చాడు. ఫలితం మరింత బాగుండింది. 1888 జూలైలో హక్కుపత్రానికి దరఖాస్తు పెట్టగా, ఆ సంవత్సరం డిసెంబరు 7వ తేదీన అది లభించింది.

ఇక్కడ మరొక చిక్కు ఎదురైంది. గాలి టైరు పూర్వపు పట్టీకంటె చాలా లావు. అది అప్పటి సైకిలు చట్రంలో పట్టదు. చక్రాన్ని ఇరువైపుల పట్టి నిలిపే చువ్వల మధ్య చోటు చాలదు. టైరుకు తగినట్లు రిమ్ము, రిమ్ముకు తగినట్లు చట్రం మారవలసి వచ్చింది. బెల్ఫాస్టులోని ఎడ్లిన్ అనే సైకిళ్ళ తయారీదారు ఈ లావు టైర్లకు సరిపోయే బండ్లను తయారుచేశాడు. టైరు ఒంటరి వస్తువు కాదనీ, రిమ్ముతో, చట్రంతో, మోసే బరువుతో కలిసి అది ఒక కుటుంబమనీ ఆనాడే తేటపడింది. నేడు తన పికప్ బండికి లావు టైరు వేయించి, చక్రం త్రిప్పినప్పుడల్లా మడ్‌గార్డుకు ఒరుసుకొంటున్నదని బాధపడేవాడు మరచిపోయిన పాఠం ఇదే.

క్రొత్త టైరును చూచి జనం మొదట నవ్వారు. లావుగా, మెత్తగా ఉన్న ఆ చక్రాలు వారికి హాస్యాస్పదంగా తోచాయి. 1889 మే 18వ తేదీన బెల్ఫాస్టులోని క్వీన్స్ కాలేజీ క్రీడోత్సవంలో ఆ నవ్వు ఆగిపోయింది. విలియం హ్యూమ్ అనే సైకిలు పందెగాడు డన్లప్ టైర్లతో బరిలో దిగాడు. తాను పాల్గొన్న నాలుగు పందేలలో నాలుగింటినీ గెలిచాడు. కొద్దికాలానికే లివర్‌పూలులో కూడా ఆయన ఒక్కటి తప్ప మిగిలిన పందేలన్నీ గెలుచుకొన్నాడు. మెత్తని చక్రం నెమ్మదిగా పోతుందనే పాత నమ్మకం ఆ దెబ్బతో కూలిపోయింది.

గట్టి చక్రం రాతిని తాకినప్పుడు బండి మొత్తం పైకి లేస్తుంది. లేపడానికి శక్తి ఖర్చవుతుంది, క్రిందపడినప్పుడు ఆ శక్తి కుదుపుగా వృథా అవుతుంది. గాలి టైరు మాత్రం రాయి తగిలినచోట లోనికి ముడుచుకొని, రాయి దాటగానే తిరిగి ఉబ్బుతుంది. బండి తన మట్టం మీదనే సాగిపోతుంది. హ్యూమ్ విజయ రహస్యం ఇంతే.

హ్యూమ్ చేతిలో ఓడినవారిలో డబ్లిన్ నగరవాసి హార్వీ డ్యూ క్రాస్ కుమారులు కూడా ఉన్నారు. డ్యూ క్రాస్ కాగితపు వర్తకుడు, వ్యవహారదక్షుడు. తన బిడ్డలను ఓడించిన వస్తువు విలువను ఆయన వెంటనే పసికట్టాడు. 1889లోనే డబ్లిన్‌లో ఒక కంపెనీ వెలసింది. డన్లప్ తన హక్కును కంపెనీకి అప్పగించి వాటాదారుడయ్యాడు.

అంతలో పిడుగువంటి వార్త వచ్చింది. 1890లో డన్లప్ హక్కుపత్రం చెల్లదని తేలింది. గాలి చక్రాన్ని అంతకు నలుబదియైదు ఏండ్ల క్రితమే, 1845లో, మరొక స్కాట్లండు వాసి హక్కుపత్రంలో నమోదు చేయించుకొన్నాడు. ఆయన పేరు రాబర్టు విలియం థామ్‌సన్. అప్పటికి ఆయన ఇరవైమూడేళ్ళ యువకుడు. రబ్బరు పూసిన గుడ్డగొట్టంలో గాలి నింపి, పైన తోలు తొడిగి గుర్రపుబండ్లకు అమర్చి, 1847లో లండనులోని రీజెంట్స్ పార్కులో ఆయన నడిపి చూపాడు. అటువంటి చక్రాలతో ఒక బండి 1,200 మైళ్ళు నడిచింది. కాని నాటికి సైకిలు వాడుకలోకి రాలేదు, మోటారు పుట్టలేదు. పలుచని మంచి రబ్బరు చౌకగా దొరకదు. అక్కర పుట్టకముందే పుట్టిన వస్తువును లోకం మరచిపోయింది. థామ్‌సన్ 1873లో మరణించాడు.

డన్లప్‌కు ఈ సంగతి తెలియదు. ఆయన ఎవరి సొత్తూ అపహరించలేదు. ఒకే సత్యం ఇద్దరికి వేరువేరు కాలాలలో స్ఫురించింది. అయినను చట్టం ముందు మొదటివాడే మొదటివాడు. డన్లప్ తన హక్కును కోల్పోయాడు. కాని వస్తువును వాడుకలోకి తెచ్చిన గౌరవం ఆయనదే. మొదట కనిపెట్టినవానికీ, లోకానికి అలవాటు చేసినవానికీ చరిత్రలో వేరువేరు పీటలు ఉండడం న్యాయమే.

హక్కు పోయినా కంపెనీ కూలిపోలేదు. దానిని నిలబెట్టినది రిమ్ము. డన్లప్ తొలి టైరును రిమ్ముకు గుడ్డతో, జిగురుతో శాశ్వతంగా అంటించేవారు. ముల్లు గ్రుచ్చుకొంటే దానిని ఒలిచి, అతుకువేసి, మరల అంటించడం పెద్ద తతంగం. 1890లో ఛార్లెస్ వెల్చ్ అనే ఇంగ్లీషు యువకుడు టైరు అంచులలో తీగ చుట్టును పొదిగి, నడుమ పల్లముగల రిమ్మును రూపొందించాడు. తీగ సాగదు గనుక గాలి నిండిన టైరు ఊడిపోదు. గాలి తీసి అంచును పల్లంలోకి నొక్కితే సులువుగా వెలుపలికి వస్తుంది. అదే కాలంలో బార్ట్‌లెట్ అనే తయారీదారు రిమ్ము వంపులో టైరు అంచును ఇరికించే మరొక పద్ధతిని కనిపెట్టాడు. కంపెనీ ఈ హక్కులను కొని వ్యాపారాన్ని నిలుపుకొన్నది. నేటి పికప్ బండి టైరు కూడా తీగ పొదిగిన అంచుతోనే పల్లపు రిమ్మును కరచుకొని నిలుస్తున్నది. పంక్చరు దుకాణంలో కుర్రవాడు పారతో అంచును ఎత్తి తీసే పని వెనుక వెల్చ్ బుద్ధి ఉన్నది.

కంపెనీ పెరిగింది. డన్లప్ మాత్రం వర్తకుల లోకంలో ఇమడలేకపోయాడు. వైద్యవృత్తి విడిచి డబ్లిన్‌కు కాపురం మార్చినా, కంపెనీ పెద్దలతో ఆయనకు పొత్తు కుదరలేదు. 1890 దశకం నడిమికి వచ్చేసరికి ఆయన దానినుంచి తప్పుకొన్నాడు. 1896లో డ్యూ క్రాస్ ఆ వ్యాపారాన్ని హూలీ అనే ధనికునికి ముప్పది లక్షల పౌన్లకు విక్రయించాడు. హూలీ దానిని వెంటనే ఏబది లక్షల పౌన్ల మూలధనంతో క్రొత్త కంపెనీగా నిలబెట్టాడు. ఆ ధనప్రవాహంలో ఒక్క పాయ కూడా డన్లప్ ఇంటి వైపు పారలేదు. గడ్డం పెంచిన ఆయన ముఖం వ్యాపార చిహ్నమై లోకమంతా తిరిగింది. ఆ ముఖం గలవాడు డబ్లిన్‌లో ఒక బట్టల వ్యాపారంలో భాగస్తుడై ప్రశాంతంగా కాలం గడిపాడు. 1921 అక్టోబరు 23వ తేదీన డబ్లిన్‌లోని స్వగృహంలో కన్నుమూశాడు. తన ప్రయోగాలను గురించి ఆయన వ్రాసిన చరిత్ర మరణానంతరం గ్రంథంగా వెలువడింది.

ఆయన మరణించేనాటికి గాలి టైరు సైకిలును దాటి మోటారుకు, మోటారును దాటి విమానానికి చేరింది. 1895లో ఫ్రాన్సుదేశపు మిషెలిన్ సోదరులు పారిస్ నుంచి బోర్డో నగరానికి పోయి వచ్చే పందెంలో గాలి టైర్ల మోటారును నడిపారు. అది గెలవలేదు గాని మార్గం చూపింది. మన దేశంలో డన్లప్ పేరిట 1936లో వంగదేశంలోని సాహాగంజ్‌లో టైర్ల కర్మాగారం వెలసింది. ఆ కర్మాగారం తరువాత మూతపడినా, ఆ పేరు మాత్రం పల్లెల వరకూ ప్రాకింది. రబ్బరు టైర్లు తొడిగిన ఎడ్లబండి తెలుగునాట టైరుబండి అయింది. ఇనుప కట్టుబండికంటె అది ఎక్కువ బరువు మోసింది. ఎద్దుల మెడలకు ఊరట నిచ్చింది. పశువుల వైద్యుని ఊహకు పశువుల వలన దక్కిన సార్థకత ఇంతకంటె ఏమున్నది?

హైదరాబాదు సంస్థానంలో 1932 జూన్‌లో నిజాం రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో ఆరంభమైంది. ఆ బస్సులు ఆల్బియన్ కంపెనీవి, డన్లప్ పుట్టిన స్కాట్లండులో తయారైనవి. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడ్డ మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలకు నగరం దగ్గరైనది గాలి చక్రాల మీదనే. నలిగితే విలువలేని ద్రాక్షగుత్తికి, పగిలితే పనికిరాని కోడిగ్రుడ్డుకు గాలి టైరుకంటె మంచి వాహనం లేదు.

ఇక ఆ అంకెల అర్థం చూద్దాం. 215/75 ఆర్ 15 అన్నచో, టైరు వెడల్పు 215 మిల్లీమీటర్లు. ప్రక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 75 వంతులు, అనగా సుమారు 161 మిల్లీమీటర్లు. ఆర్ అనే అక్షరం లోపలి దారాలు అంచునుంచి అంచుకు అడ్డంగా అల్లిన రేడియల్ టైరు అని తెలుపుతుంది. 15 అన్నది రిమ్ము అడ్డుకొలత, అంగుళాలలో. అది 381 మిల్లీమీటర్లు. దానికి పైన ఒక గోడ, క్రింద ఒక గోడ చేర్చితే మొత్తం చక్రం ఎత్తు సుమారు 703 మిల్లీమీటర్లు. ఎనిమిదవ తరగతి విద్యార్థి సైతం ఈ లెక్క వేయగలడు.

ఇప్పుడు అదే రిమ్ముకు 235/75 టైరు వేద్దామనుకొందాం. గోడ ఎత్తు 176 మిల్లీమీటర్లవుతుంది. చక్రం 733 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. పెరిగినది మూడు సెంటీమీటర్లే. కాని చక్రం ఒక్క చుట్టులో పోయే దూరం నూటికి నాలుగు వంతులకు పైగా హెచ్చుతుంది. వేగం చూపే ముల్లు 60 దగ్గర నిలిచినపుడు బండి నిజంగా 62 దాటి పోతుంటుంది. ఇంజను లాగుడు బలం ఆ మేరకు తగ్గుతుంది. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు క్లచ్చి వాసన వేస్తుంది. ఎత్తు సైకిలువాడు పెద్ద చక్రంతో దూరం సంపాదించి, ఎత్తులో ఆయాసపడినట్లే ఇదీను. పోనీ, రిమ్మును 16 అంగుళాలకు పెంచి మొత్తం ఎత్తును మార్చకుండా ఉంచుదామంటే ప్రక్కగోడ తగ్గిపోతుంది. గాలికి చోటు తగ్గుతుంది. గోతిలో పడినప్పుడు దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది.

అన్నిటికంటె ముఖ్యమైన అంకె కొలత ప్రక్కనే ఉన్నా తరచు కంటబడదు. అది భారసూచిక. 100 అని ఉంటే ఆ టైరు నిర్ణీతమైన గాలితో 800 కిలోగ్రాముల వరకు మోయగలదని అర్థం. బరువు మోసేది ప్రధానంగా రబ్బరు కాదు, లోపల బిగబట్టిన గాలి. చదరపు సెంటీమీటరుకు మూడున్నర కిలోగ్రాముల ఒత్తిడితో గాలి ఉన్న టైరు మీద 800 కిలోగ్రాములు నిలిస్తే, నేలను తాకే మేర స్థూలంగా 229 చదరపు సెంటీమీటర్లవుతుంది. పదిహేను సెంటీమీటర్ల భుజంగల చతురస్రమంత చోటది. గాలి పెంచకుండా బరువు పెంచితే ఆ మేర పెరగక తప్పదు. అందుకై ప్రక్కగోడ మరింత వంగుతుంది. చక్రం తిరిగిన ప్రతిసారీ వంగి, లేచి, వంగి, లేచి వేడెక్కుతుంది. వేడి హద్దు మీరిననాడు టైరు ప్రేలుతుంది.

ఇనుప కట్టుబండి నడకతో పోయేది. మోయలేని బరువు వేస్తే ఇరుసు విరిగి బండి ఉన్నచోటనే కూలబడేది. బాహ్యవలయ రహదారి మీద పరుగుతీసే పికప్ బండికి ఆ సదుపాయం లేదు. టైరు ప్రేలిన క్షణంలో బండి ఎటు తిరుగుతుందో నడిపేవాని చేతిలో లేదు. ప్రక్కన పోయేవాని ప్రాణం కూడా ఆ నాలుగు అరచేతులంత మేరల మీద ఆధారపడి ఉన్నది. కనుకనే బండి తయారుచేసినవారు ఏ కొలతలు వేయవచ్చునో, ఏ బరువుకు ఎంత గాలి ఉండాలో నిర్ణయించి, పుస్తకంలోను, తరచు తలుపు ప్రక్కన అంటించిన పట్టికలోను తెలుపుతారు. ఆ అనుమతించిన కొలతలలోనుంచి తన బరువుకు, తన త్రోవకు తగినదానిని ఎన్నుకోవాలి. భారసూచిక తగ్గరాదు. రిమ్ము వెడల్పు టైరుకు నప్పాలి. ఒకే ఇరుసు మీద రెండు కొలతలు ఉండరాదు. టైరు పెద్దదైనంత మాత్రాన బండి మోయగల బరువు పెరగదు. ఇరుసు, కమాను పట్టీలు, బ్రేకులు పూర్వపువే గదా!

డన్లప్ తన పెరటిలో రెండు చక్రాలను దొర్లించినపుడు ఏది అందంగా ఉన్నదని చూడలేదు. ఏది దూరం పోయిందో చూచాడు. లావు టైరు చట్రంలో పట్టనపుడు బలవంతాన ఇరికించలేదు. దానికి తగిన చట్రం తయారయ్యేలా చేశాడు. ఆయనకు హక్కు దక్కలేదు, ధనం దక్కలేదు. ఒక బాలుని బండి కుదుపు తగ్గించాలన్న తండ్రి తపన మాత్రం కోట్లాది చక్రాలలో నేటికీ ఊపిరిగా నిలిచి ఉన్నది. రేపు తెల్లవారుజామున శామీర్‌పేట నుంచి కోడిగ్రుడ్ల అట్టలతో బయలుదేరే బండివాడు ఒక్క నిమిషం వంగి, టైరు మీది అంకెలు చదివి, గాలి సరిచూచుకొన్నచో, ఆ పశువైద్యుని శ్రమను సరిగా వాడుకొన్నవాడవుతాడు. గ్రుడ్లు పగలకుండా సంతకు చేరతాయి. బండివాడు ప్రొద్దుగూకేసరికి ఇల్లు చేరతాడు.